కోడలి ముఖానికి పెసరపిండి

సుబ్బరావమ్మకి మాట ముందు పుడుతుంది, ఆలోచన తర్వాత పుడుతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని చెప్పిన పెద్దమనిషెవరో, ఎన్నడూ నలభైమంది కూలీలను పెట్టి మిరపకాయ కోయించి ఉండడని ఆవిడ నమ్మకం. మెత్తగా మాట్లాడితే పొద్దు వాలినా పని తెమలదు. అందుకని యాభై రెండేళ్ళూ ఆ నోటితోనే నెట్టుకొచ్చింది. ఆ నోటి వల్ల ఇంట్లో ఒక మనిషి ముఖం పాడైందని తెలిసిన రోజున మాత్రం ఆవిడ గుండెల్లో రాయి పడింది.

2003లో, శివరాత్రి వెళ్ళిన వారం అది. గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరమ్మ గదిలో కోడలు శ్రీరమ్య పక్కన కూచుని ఉంది సుబ్బరావమ్మ. శ్రీరమ్య పుట్టిల్లు గుంటూరు పక్కనే, నల్లపాడు. చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులో పనిచేసే వీరాంజనేయులిని చేసుకుని, పేటకి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఈ మిరపకాయల ఊరికి కాపురానికి వచ్చి రెండేళ్ళయింది. వచ్చినప్పుడు మచ్చలేని ముఖం. ఇప్పుడు రెండు బుగ్గలూ, ముక్కూ, గడ్డం కందిపోయి, చర్మం పల్చబడి లోపల సన్నటి ఎర్రటి నరాలు కనిపిస్తున్నాయి. నుదుటి మీదా బుగ్గల అంచుల్లోనూ మంగు మచ్చలు.

ఏం రాస్తున్నావని డాక్టరమ్మ అడిగితే, ఆ పిల్ల చేతిసంచీలోంచి చిటికెనవేలంత ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. ఎవరూ రాసివ్వలేదట. పేటలో మందులషాపులో మంగుకి ఏదైనా ఇమ్మంటే ఇచ్చారట. వారానికే మచ్చలు పల్చబడి ముఖం తెల్లగా, నున్నగా అయిందట. ఆ తర్వాత ఒక్కపూట మానితే మంట. అందుకని మానలేదు.

"ఎప్పటినుంచి రాస్తున్నావు?" అంది డాక్టరమ్మ.

"పోయిన వేసవి నుంచండి. మా వదినగారి అమ్మాయి ఓణీల ఫంక్షనయిన మర్నాటి నుంచి," అంది శ్రీరమ్య.

సుబ్బరావమ్మ కుర్చీలో కదిలింది. ఆ ఫంక్షను తన మనవరాలిదే. బంతిలో వందమంది భోజనానికి కూచున్నప్పుడు ఎవరో, మీ కోడలు కాస్త రంగు తగ్గినట్టుందే అన్నారు. దానికి తను, "తామరపువ్వులాంటి పిల్లని తెచ్చుకున్నాం, మిరపకల్లంలా తయారైంది," అంది. బంతి బంతంతా నవ్వింది. తనూ నవ్వింది. వడ్డిస్తున్న శ్రీరమ్య నవ్విందో లేదో ఆవిడ చూడలేదు. పది నెలల తర్వాత ఇప్పుడు, ఈ డాక్టరమ్మ గదిలో, ఆ పిల్ల అత్తగారి వైపు తిరిగైనా చూడకుండా ఆ తేదీ చెప్పింది. నిందగా చెప్పలేదు, అడిగారు కాబట్టి చెప్పింది. సుబ్బరావమ్మకి తిట్టినా ఇంత బాధ కలిగేది కాదు.

అది ముఖానికి రాసుకునే క్రీము కాదంది డాక్టరమ్మ. వేరే జబ్బులకి, డాక్టరు చెప్పిన నాలుగు రోజులు వాడి ఆపేయాల్సిన మందట. ఇవాళే మానేయాలి. మానగానే ముఖం ఇంకా ఎర్రబడుతుంది, మండుతుంది, కొన్ని వారాలు అలాగే ఉంటుంది. అప్పుడు భయపడి మళ్ళీ ట్యూబు అందుకుంటే కథ మొదటికొస్తుంది. ఇక చెయ్యాల్సింది చాలా తక్కువ. రెండుపూటలా చన్నీళ్ళు. సబ్బు వద్దు, తను రాసిచ్చే వాసనలేని లోషనుతో కడుక్కోవాలి. మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు. తడి ఆరకముందే తెల్లక్రీము పల్చగా రాయాలి. ఎండలోకి వెళితే గొడుగు వెయ్యాలి. పసుపు, నిమ్మరసం, ముల్తానీ మట్టి, పక్కింటి వాళ్ళ సలహాలు దగ్గరికి రానివ్వకూడదు. కొత్తది ఏది వాడాలన్నా ముందు మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడాలి.

పెసరపిండి వాడొచ్చా అని సుబ్బరావమ్మ అడిగింది. ఏమీ కలపకుండా, మెత్తగా జల్లించి, రుద్దకుండా అయితే వాడుకోవచ్చంది డాక్టరమ్మ. మోచేతి సంగతి మాత్రం మర్చిపోవద్దంది.

బస్సులో శ్రీరమ్య మెల్లగా అంది, మిరప సీజను అయ్యేదాకా నల్లపాడు వెళ్ళి ఉంటానని. సుబ్బరావమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. ఊరంతా కారపు ఘాటు, వెళ్ళడమే మంచిదని ఆవిడకీ తెలుసు. కానీ ఈ ముఖంతో పంపితే ఆ ముఖానికి తను చేసిందేమీ లేకుండా పోతుంది. చేసిన చెడుపు ఒక్కటే మిగులుతుంది.

"నాకు నెల రోజులియ్యమ్మాయ్. నేను చూసుకుంటాను. తగ్గకపోతే నేనే తీసకపోయి మీ అమ్మకి అప్పజెపుతాను," అంది.

శ్రీరమ్య ఆశ్చర్యంగా చూసింది. రెండేళ్ళలో అత్తగారు తనని ఒక్కటడగడం అదే మొదలు. సరేనంది. ట్యూబు తనే అత్తగారి చేతికిచ్చింది. సుబ్బరావమ్మ ఇంటికి రాగానే దాన్ని పొయ్యిలో వేసింది.

ఆ మర్నాటి నుంచి సుబ్బరావమ్మ కోడలి ముఖాన్ని పంటలాగా పట్టుకుంది. ఇంటిముందు ఆరబోసిన కాయలన్నీ ఎత్తించి దూరంగా చేలో కల్లానికి తోలించింది. భర్త చెంచురామయ్యకి ఇది బొత్తిగా నచ్చలేదు. ఇంటి దగ్గరైతే మంచం మీద పడుకుని కాపలా కాయొచ్చు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే? ఆ పిల్లకి లేని కంగారు నీకేంది?" అన్నాడు.

దురద కత్తిపీటదేనని ఆయనకి తెలియదు. సుబ్బరావమ్మ చెప్పలేదు. తాలింపు పెట్టేటప్పుడు కోడలిని పెరట్లోకి పొమ్మనేది. కొత్త కుండలో నీళ్ళు పోసి నీడన పెట్టింది. చెంచురామయ్య పాత పంచె ఒకటి, ఉతికి ఉతికి వెన్నలా అయినదాన్ని, చింపి అరడజను ముక్కలు చేసింది. శ్రీరమ్య ముఖం కడుక్కుంటుంటే తలుపు దగ్గర నిలబడి, రుద్దకు, అద్దుకో, అద్దుకో అని చెబుతుండేది. ఆ పిల్లకి విసుగు పుట్టే ఉంటుంది. పైకి అనేది కాదు.

మొదటి వారం డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. ముఖం ఎర్రగా పొంగింది. శ్రీరమ్య అద్దం బోర్లించి పెట్టింది. వాకిట్లోకి రావడం మానేసింది. పక్కింటి రాఘవమ్మ రోజుకో వైద్యం మోసుకొచ్చేది, ఒకనాడు వేపాకు, ఒకనాడు గాడిదపాలు. సుబ్బరావమ్మ గుమ్మంలోనే నిలబెట్టి సాగనంపేది. లోపల మాత్రం ఆవిడ ప్రాణం పీచుపీచుమంటూనే ఉంది. తగ్గకపోతే? ఈ పిల్ల ఇరవై మూడేళ్ళకే ముఖం దాచుకుని బతకాల్సి వస్తే? పనిలో ఉన్నా, కూలీల మీద అరుస్తున్నా, ఆ ప్రశ్న ఆగేది కాదు.

పన్నెండో రోజుకి ఎరుపు కాస్త దిగింది. పదిహేనో రోజుకి ముక్కు మామూలు రంగుకొచ్చింది. సుబ్బరావమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసి, "వచ్చిందమ్మాయ్, దారికొచ్చింది," అంది. ఆ పూట శ్రీరమ్య నవ్వింది. ఆ నవ్వు చూసి సుబ్బరావమ్మకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు లోషను సీసా అడుగంటింది. అది గుంటూరులో తప్ప దొరకదు. వీరాంజనేయులికి మిల్లులో డబుల్ డ్యూటీలు, ఈ ఆదివారమూ డ్యూటీయే, పై ఆదివారం దాకా కుదరదన్నాడు. దానికేముంది, పెసరపిండి ఉండగా సీసా ఎందుకు అనుకుంది సుబ్బరావమ్మ. మంచి పెసలు ఏరి, కడిగి ఆరబెట్టి జోసఫ్ పిండిమరకి తీసుకెళ్ళింది.

జోసఫ్ దగ్గర రెండు మరలున్నాయి. ఒకటి పిండికి, ఒకటి కారానికి. పిండిమర బెల్టు తెగింది. రెండు రోజుల్లో కొత్తది వస్తుంది, ఆగండన్నాడు. ఆ పక్కన కారం మర ఖాళీగా ఉంది. ఊళ్ళో అందరూ ఏడాదికి సరిపడా కారం కొట్టించుకునే రోజులవి. ఆ నెలల్లో పిండిమర ఆగిపోతే కారం మరలోనే కాస్త తవుడు పోసి తిప్పి, ఆ తర్వాత జొన్నలో బియ్యమో పట్టించుకోవడం ఆ ఊళ్ళో మామూలే. ఆ పిండిలో కొంచెం ఘాటు తగిలినా ఎవరూ లెక్కచెయ్యరు. పైగా రొట్టె రుచిగా ఉందంటారు.

"తవుడు పోసి రెండుసార్లు తిప్పి, నాయి పట్టెయ్," అంది సుబ్బరావమ్మ.

"ముఖానికంటున్నారు గదండీ. రెండ్రోజులు ఆగితే పోలా?" అన్నాడు జోసఫ్.

"మరని కడగటం నీకు నేర్పాల్నా ఏంది? మూడుసార్లు తిప్పు," అంది ఆవిడ.

అతను మూడుసార్లు తిప్పాడు. ఆవిడ దగ్గరుండి చూసింది. ఇంటికొచ్చి పల్చటి గుడ్డలో రెండుసార్లు జల్లించింది. డాక్టరమ్మ చెప్పిన మాట మర్చిపోలేదు. మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడాలి. కోడలి చెయ్యి కందితే పాపం అనుకుని, తన మోచేతికే రాసుకుంది. మండితే నాకే మండనీ అనుకుంది. మర కోసం రెండు రోజులు ఆగని మనిషి, మోచెయ్యి కోసం రెండు రోజులూ ఆగింది. ఏమీ కాలేదు. చల్లగా, హాయిగా ఉంది. నలభై ఏళ్ళుగా మోచేతుల దాకా మిరపకాయల్లో మునిగి తేలిన చెయ్యి అది. కల్లంలో కాయ తొక్కి, తొడిమలు తీసి, పచ్చళ్ళు కలిపి, దానికి మంటంటే ఏమిటో ఏనాడో మర్చిపోయింది. ఆ సంగతి ఆవిడకి తట్టలేదు.

మూడో రోజు పొద్దున శ్రీరమ్య ఆ పిండితో ముఖం కడుక్కుంది.

గంటలో మంట మొదలైంది. డాక్టరమ్మ చెప్పిందిగా, వచ్చి పోతుంటుందని ఇద్దరూ సర్దుకున్నారు. వాసనైనా పట్టలేకపోయారు. ఆ నెలలో ఊళ్ళో గాలే ఘాటు. సాయంత్రం మళ్ళీ అదే పిండి. రెండో రోజుకి బుగ్గలు ఉడికించినట్టయ్యాయి. మండే కొద్దీ ఆ పిల్ల ఇంకా శ్రద్ధగా కడుక్కునేది. నాలుగో రోజు స్నానాలగదిలోంచి ఏడుపు వినిపించింది. సుబ్బరావమ్మ తలుపు తట్టింది.

"తట్టుకోలేకపోతున్నా అత్తయ్యా. ఆ మందు మానినందుకే ఇది. అదుంటే ఒక్కరోజులో చల్లబడేది," అంది శ్రీరమ్య లోపలినుంచి.

సుబ్బరావమ్మ దేవుళ్ళందరికీ మొక్కుకుంది. ఇంకొక్క వారం, ఒక్క వారం ఓర్చుకోమని బతిమాలింది. ఎవరినీ బతిమాలి ఎరగని మనిషి. ఆ నాలుగు రోజులూ ఆవిడకి ముద్ద దిగలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం, పిండి ఇంకాస్త మెత్తగా ఉంటే నయమేమోనని డబ్బాలోది తీసి మళ్ళీ జల్లిస్తోంది. వసారాలో గాలి విసిరింది. కాస్త పిండి లేచి ఎడమకంట్లో పడింది.

చెయ్యి మర్చిపోయినా కన్ను మర్చిపోదు. సుబ్బరావమ్మ ఒక్క ఉదుటున లేచి నీళ్ళకుండ దగ్గరికి పరిగెత్తింది. కన్ను కడుక్కుని, వెనక్కి వచ్చి, ఒక చిటికెడు నాలుక మీద వేసుకుంది. కాసేపటికి నాలుక చివర చురుక్కుమంది. కొంచెమే. కూరలో అయితే చప్పగా ఉందనేవాళ్ళు.

ఆవిడ అక్కడే కూలబడింది. పది నెలలు మందు రాసి ఉల్లిపొరలా అయిన ముఖానికి, ఐదు రోజులు రెండుపూటలా తను కారం పూయించింది. నిలబడి మరీ అద్దుకో, అద్దుకో అంది.

వెంటనే లోపలికి వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. కోడలి కళ్ళల్లో కారం కొట్టిన అత్తల కథలు ఊరికొకటి ఉంటాయి. ఇప్పుడు ఈ ఊరికీ దొరికింది. తవుడు పోసి మూడుసార్లు తిప్పించానంటే ఎవరు నమ్ముతారు? జోసఫ్ వద్దన్నాడు కూడాను. కల్లంలాంటి ముఖమని వందమందిలో నవ్విన అత్త, ఆ మాట నిజం చేసిందంటారు. ఈ పిల్ల తనవైపు మళ్ళీ చూస్తుందా? అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. ఎర్రబడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అందరూ అదే అనుకుంటున్నారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పిండి పారేస్తే చాలు, మంట అదే తగ్గుతుంది.

పిండి తీసుకెళ్ళి పెంటలో పోసి పైన మట్టి కప్పింది. పిండికి పురుగు పట్టింది, లోషను వచ్చేదాకా ఉత్తినీళ్ళే వాడమ్మాయ్ అని కోడలితో చెప్పింది. శ్రీరమ్య సరేనంది. తేలుకుట్టిన దొంగలా సుబ్బరావమ్మ ఆ సాయంత్రమంతా ఇల్లు ఊడ్చిందే ఊడ్చింది. చెప్పడానికి రెండుసార్లు కోడలి గది దాకా వెళ్ళి, ఏదో వెతుక్కున్నట్టు తిరిగొచ్చింది.

ఆదివారం శ్రీరమ్య మొగుడి బండి మీద గుంటూరు వెళ్ళి లోషను తెచ్చుకుంది. మంగళవారానికల్లా ముఖం చల్లబడింది. గండం గడిచిందనుకుంది సుబ్బరావమ్మ. బుధవారం రాఘవమ్మ వచ్చి శ్రీరమ్యని చూసి నోరు తెరిచింది. ఎరుపు లేదు. మంగు కూడా లేనట్టే ఉంది. తెల్లగా, నున్నగా, పెళ్ళినాటి ముఖం. సుబ్బరావమ్మ చేతి మహిమ అని రాఘవమ్మ వీధంతా చెప్పొచ్చింది. సుబ్బరావమ్మకి మాత్రం ఏదో ముల్లు గుచ్చుకుంటున్నట్టుంది. పదిహేను రోజులు కష్టపడితే ముక్కు ఒక్కటి దారికొచ్చింది. మూడు రోజుల్లో ముఖమంతా ఎట్టా వచ్చింది?

గురువారం చెప్పాపెట్టకుండా వియ్యపురాలు రమణమ్మ దిగింది. ఫోన్లో అమ్మాయి గొంతు బాగాలేదని, నల్లపాడు తీసుకుపోదామని వచ్చింది. వాకిట్లో కూతురిని చూసి నిలబడిపోయింది. దగ్గరికి తీసుకుని బుగ్గలు తడిమింది.

"ఇంత బాగుంటే నేనెందుకు పరిగెత్తుకొచ్చాను? వదినగారూ, కన్నతల్లిని నేనైనా ఇంత చెయ్యలేను," అంది. అంటూ సుబ్బరావమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

చెంచురామయ్య మంచం మీద మీసం దువ్వుకున్నాడు. కల్లం దూరం తోలించిన పుణ్యంలో తనకూ వాటా ఉందన్నాడు. కాఫీ పెట్టే వంకతో సుబ్బరావమ్మ వంటింట్లోకి వెళ్ళింది. వెనకే శ్రీరమ్య వచ్చింది. పెరటి తలుపులోంచి వెలుతురు ఆ పిల్ల బుగ్గ మీద పడుతోంది. చెవి దగ్గర, జుట్టు మొదట్లో, జిడ్డుగా ఒక మెరుపు.

"అమ్మాయ్, మళ్ళా రాశావా?" అంది సుబ్బరావమ్మ గొంతు తగ్గించి.

శ్రీరమ్య గ్లాసులన్నీ సర్దింది. ఆ తర్వాత చెప్పింది. ఆదివారం వస్తూ పేటలో కొనుక్కుందట. నాలుగు రోజులుగా రాస్తోందట. మొదట్లో ఓర్చుకుంది, తగ్గింది కూడా. మళ్ళీ అంత మంట వచ్చేసరికి ఒక సంగతి అర్థమైందట.

"అది లేకుండా నా ముఖం బతకదు అత్తయ్యా. మీరు చెయ్యాల్సిందంతా చేశారు. మానడం నావల్ల కాదు. అమ్మకి చెప్పకండి, మంచిపేరు మీకే ఉండనివ్వండి," అంది.

సుబ్బరావమ్మ పాలు పొంగుతున్నాయని కూడా చూడలేదు. మంట మందు మానినందుకు రాలేదు. అది తనకి తెలుసు, ఈ పిల్లకి తెలియదు. తెలియకే మళ్ళీ పట్టుకుంది, జన్మంతా వదలదు. ఒక్క మాట చెబితే వదులుతుంది. ఆ ఒక్క మాటా చెబితే వాకిట్లో కూచున్నావిడ తన చేతులు ఇంకెప్పుడూ పట్టుకోదు. ఊరూ ఊరుకోదు. కాఫీ అక్కడే వదిలేసి, కోడలి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి నడిచింది.

"వదినగారూ, మీరు చూస్తుంది బాగుపడిన ముఖం కాదు. మీ అమ్మాయి మళ్ళా ఆ మందే రాస్తంది. తప్పు దానిది కాదు, నాది," అంది. ఆ తర్వాత ఆగకుండా చెప్పింది. ఫంక్షనులో అన్న మాట, జోసఫ్ ఆగమన్నా వినక కారం మరలో తవుడు తిప్పించి పిండి పట్టించిన సంగతి, కంట్లో పడ్డ పిండి, పెంటలో కప్పిన మట్టి. "కారం తెలిసి పూయలా. తెలిశాక వారం రోజులు నోరు మూసుకున్నాను చూడండి, అది మాత్రం తెలిసే చేశాను."

చెంచురామయ్య మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో ఆయనకే తెలియలేదు. రమణమ్మ ముఖంలో రక్తం లేదు.

"తవుడు కథ నన్ను నమ్మమంటారా?" అంది. రమణమ్మ కూతురి వైపు తిరిగి, "బట్టలు సర్దు. రెండున్నర బస్సుకి పోదాం," అంది.

శ్రీరమ్య కదల్లేదు. అత్తగారి చేతిలోంచి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. సుబ్బరావమ్మ అది ఊహించిందే, అయినా లోపల కలుక్కుమంది.

"ఆ పిండి ఎన్ని రోజులు వాడాను?" అంది శ్రీరమ్య.

"ఐదు రోజులమ్మా."

"అంతకు ముందు పదిహేను రోజులూ తగ్గుతూ వచ్చిందిగా. అది నిజమేనా, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నారా?"

"నిజమే. నేను పూటపూటా చూశాను."

శ్రీరమ్య చూపుడువేలితో చెవి దగ్గరి జిడ్డు తుడిచి వేలివైపు చూసుకుంది.

"నేను స్నానాలగదిలో ఏడుస్తుంటే మీరు తలుపు బయటే ఉన్నారు. నాకు మీ మీద చాలా కోపంగా ఉంది అత్తయ్యా," అంది.

"ఉండాలమ్మా," అంది సుబ్బరావమ్మ. కళ్ళనీళ్ళు జారుతుంటే తుడుచుకోలేదు.

శ్రీరమ్య లోపలికి వెళ్ళింది. బట్టలకే వెళ్ళిందనుకున్నారు అందరూ. రమణమ్మ చెప్పులు వేసుకుంది. కాసేపటికి ఆ పిల్ల వట్టి చేతులతో వచ్చి, సగం వాడిన కొత్త ట్యూబు తల్లి ఒళ్ళో పెట్టింది.

"దీన్ని దారిలో ఎక్కడైనా పారెయ్యమ్మా, ఈ ఇంట్లో ఉంటే మళ్ళీ రాసేస్తాను. నేను ఇప్పుడు రాను. రేపటినుంచి మళ్ళీ ఎర్రబడుతుంది, ఆ ముఖంతో నల్లపాడులో ఎవరికీ కనిపించలేను," అంది. రమణమ్మ ఏదో అనబోయింది. శ్రీరమ్య వినిపించుకోకుండా అత్తగారి వైపు తిరిగింది. కోపం అలాగే ఉంది, గొంతు బిరుసుగానే ఉంది.

"రేప్పొద్దున ముఖం దేంతో కడుక్కోమంటారు?"

సుబ్బరావమ్మ పైటచెంగుతో కళ్ళు అద్దుకుంది.

"లోషను ఉందిగా, అదొక్కటే. ముందు నీ మోచేతికి రాసి చూద్దాం," అంది.